ట్రాలీ మీద కొత్త బీరువా

శుక్రవారం, తార్నాక

చివరికి బీరువా కొనేశాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైనప్పటి నుంచీ మా ఆయనది ఒకటే మాట: "బరువైనవి కొనొద్దు. రేపు గుంటూరు వెళ్లిపోవాల్సి వస్తే?" అందుకే ఇంట్లో అన్నీ మడత మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలే. నా చీరలైతే అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఉంటున్న ఊళ్లో ఈ ప్రయాణికుల బతుకేమిటని విసుగొచ్చింది.

సీతాఫల్‌మండి నుంచి ట్రాలీ ఆటోలో తెస్తుంటే యూనివర్సిటీ దగ్గర విద్యార్థుల ర్యాలీ అడ్డొచ్చింది. "కాస్త దారివ్వండి బాబూ," అన్నాను. నా యాస విని, జెండా పట్టుకున్న ఒకబ్బాయి బీరువా వైపు చూశాడు. వాడి ముఖం చిన్నబోయింది.

"ఏందాంటీ, ఇల్లు ఖాళీ చేస్తున్నరా? మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు?"

"లేదు బాబూ, ఇది కొత్తది. ఇప్పుడే కొన్నాం."

"కొత్తదా! అట్లైతే ఈడనే ఉంటరన్నట్టు. అరేయ్, జర జరుగుండ్రి, ఆంటీ బీరువా పోవాలె!"

నినాదాలు ఆగలేదు కానీ దారి మాత్రం దొరికింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే ఈయన నవ్వలేదు. సాయంత్రం క్యాంపస్ వైపు బాష్పవాయువు గోళాలు పేలిన చప్పుడు వినిపించింది. ఆ పిల్లవాడు హాస్టల్‌కు చేరాడో లేదో...

చీరలన్నీ బీరువాలో సర్దాను. ఖాళీ అట్టపెట్టెలు ఈయనకిచ్చాను, ఊరు మారితే పనికొస్తాయని ఎప్పటిలాగే అటక మీద దాస్తారు కదా అని. కాసేపు వాటిని పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కటే చించి, పాత పేపర్లవాడికి వేసే మూటలో పడేశారు.