ఒక్క దీవికే వేరే షరతు

నవంబర్ 5
నాగసాకిలోని ఓ ఫెర్రీ కంపెనీ పాత ప్రోగ్రామ్‌ని కోబాల్ భాష నుంచి జావా భాషలోకి మార్చే పని నాకే వచ్చింది. అలల ఎత్తు చూసి, ఏ దీవికి ఓడ వెళ్లొచ్చో చెప్పే ప్రోగ్రామ్. వయసులో నాకంటే పెద్దది. భయమేమీ లేదు. కోబాల్ వాగుడుకాయ, జావా చాదస్తపు మనిషి. ఇద్దరితోనూ నాకు పడుతుంది.

నవంబర్ 12
సగం అయింది. టెస్టులన్నీ పాస్.

నవంబర్ 14
ఒకటి తగిలింది. అన్ని దీవులకూ రెండున్నర మీటర్ల అల దాకా ఓడ వెళ్తుంది. కొసుజు దీవికి మాత్రం ఒకటిన్నర దాటితే రద్దు. ఎందుకో వివరిస్తూ కోడ్‌లో ఒక్క కామెంటూ లేదు. మా మేనేజర్ హిరుకావా సాన్‌ని అడిగాను. ఉన్నదున్నట్టు దించెయ్ ఇసోబే, మనకెందుకు, కాంట్రాక్ట్‌లో అంతే ఉంది అన్నాడు. దించాను. మనసు ఒప్పుకోలేదు.

నవంబర్ 17
ఆ ప్రోగ్రామ్ రాసిన తొకునాగా సాన్ ఇంటికి వెళ్లాను. రిటైరై చాలా కాలమైంది ఆవిడ. కస్తెరా కేకు కోసి పెట్టి, ఆ లైన్ ఇంకా బతికే ఉందా అని పకపకా నవ్వింది. తుఫానుకి కొసుజులో ఓడ ఆగే జెట్టీ విరిగితే, బాగుచేసేదాకా అని పెట్టిందట. అక్కడ కొత్త జెట్టీ కట్టి చాలా ఏళ్లయింది కదా అన్నాను. నవ్వు ఆగిపోయింది. నాకెవరూ చెప్పలేదమ్మా, నేనూ అడగలేదు అంది. రేపు ఫెర్రీ కంపెనీ వాళ్లతో మీటింగు ఉందన్నాను. నేనూ వస్తాను, వద్దనకు అంది.

నవంబర్ 18
మీటింగులో నేను నోరు తెరవగానే హిరుకావా సాన్ బల్ల కింద నా కాలు తన్నాడు. నేను ఆగలేదు. జావా సరిగ్గానే ఉంది, పాత తప్పు కూడా సరిగ్గానే దిగింది అన్నాను. తొకునాగా సాన్ లేచి, ఆ తప్పు నాది, ఈ పిల్లది కాదు అని నడుం వంచింది. ఫెర్రీ కంపెనీ తరఫున వచ్చిన ఉషిజిమా సాన్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆయనది కొసుజేనట. పోయిన చలికాలం వారం పైగా డాక్టర్ రాలేకపోయాడు, మా అమ్మ సముద్రాన్ని తిడుతూ కూర్చుంది అన్నాడు. వెంటనే జెట్టీ పరీక్షకి ఇంజనీర్లని పంపాడు.

డిసెంబర్ 3
జెట్టీ గట్టిదేనని రిపోర్ట్ వచ్చింది. కెప్టెన్లూ సరేనన్నారు. కొసుజుకీ రెండున్నరే. మార్చడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. హిరుకావా సాన్ నా బల్ల మీద వేడి కాఫీ డబ్బా పెట్టి పోయాడు.

డిసెంబర్ 20
కొసుజు వెళ్తున్న ఓడలో ఉన్నాను. అల రెండు మీటర్లు. రెండుసార్లు కక్కుకున్నాను. పక్క సీట్లో దీవి డాక్టర్ గురక పెడుతున్నాడు. ప్రోగ్రామ్ కరెక్ట్.