చాప చుట్టేశాను

బారిడీహ్

అక్కా,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే నవ్వకు. నువ్వు పోయి నేటికి ఏడాది.

మీ మరిదికి గుండెపోటు వచ్చాక నేను వంటింట్లో చాప వేసుకున్నాను. పక్కన పడుకుంటే ఆయన గుండెకు ప్రమాదమనుకున్నాను. ఆయన నాతో మాటలే మానేశారు.

మొన్న ఆసుపత్రిలో, రోగుల దిగులు పోగొట్టే డాక్టరమ్మ నా భయం సంగతి విని మా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"నామీద ఇష్టం పోయిందేటే నీకు?" అన్నారాయన.

"పోతే మీతోపాటు ఉప్పులేని కూర నేనెందుకు తింతానండి?"

డాక్టరమ్మకు తెలుగు రాదు. మా మొహాలు చూసి నవ్వి, "రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కాడు. ఇక భార్య పక్కనుంటే భయమెందుకు?" అని హిందీలో అంది. నేను సిగ్గుతో తలెత్తలేదు.

చాప చుట్టేశాను. ఈ పొద్దున ఆయన ఈల వేస్తూ డ్యూటీకి బూట్లు తుడుచుకున్నారు.

చదివి కాల్చెయ్యమనాలి, నీ చేతికి రాదు కదా. నేనే కుంపట్లో వేస్తాను. అందితే, అక్కడ నీ దగ్గరే ఉన్న అమ్మమ్మకు మాత్రం చూపించకు.