పడవలో నీళ్లు

మావయ్యగారూ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే పెరట్లో మీ పడవ మీది తాటాకులు తీయించాను. లంక పొలానికి వంతెన పడ్డాక అది అక్కడే ఎండిపోయింది. బాపట్లలో ఎవరో రిసార్టు వాళ్లు గేటు ముందు పూలమొక్కలు పెట్టుకోవడానికి అడిగారు. నేను ఇవ్వనన్నాను.

"కాలవలో తేలితే ఉంచుదాం, కారితే ఇచ్చేద్దాం" అన్నారు మీ అబ్బాయి.

పుచ్చిన పలక మార్పించి, సందుల్లో నూలు కూరి, నీరు దిగకుండా పైన గుగ్గిలం నేనే పట్టించాను. పడవను ఇటుకల మీదికెత్తించి నిండా నీళ్లు పోశాను. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి ఒకటే నవ్వు.

"ఏంటమ్మాయ్, పడవని నీళ్లలో వేస్తారు గానీ నీళ్లని పడవలో పోస్తారా?"

"ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి పిన్నీ. మావయ్యగారు ఏటా వేసవి పోయాక ఇలాగే చేసేవారు."

"ఉబ్బడం మాటేమో గానీ, మీ పెరడు చెరువైంది చూసుకో!"

నిజమే, పోసినదంతా కారిపోయింది. మీ అబ్బాయి రిసార్టుకి ఫోన్ చేయబోతే ఆపి, మళ్లీ నింపాను. రోజూ సాయంత్రం నీటి అంచున బొగ్గుతో గీత గీసి, పొద్దున్నే చూసేదాన్ని. నీళ్లు దిగడం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

ఈ ఉదయం నీళ్లు గీత మీదే ఉన్నాయి. ఆయన్ని పిలిచాను. వంగి పడవ అడుగంతా చేత్తో తడిమి, అరచెయ్యి చూసుకున్నారు. పొడిగా ఉంది.

"బకెట్ ఇటివ్వు, తోడేద్దాం" అన్నారు.

ఆదివారం కాలవలోకి దించుతున్నాం. పడవ నడపడానికి గెడ వేయడం మా ఇద్దరికీ రాదు. అదీ నేర్చుకుంటాం.

మీ కోడలు