ముందుకు విసిరే బంతి

జూన్ 9, సోమవారం

భుజం కట్టు విప్పారు. డాక్టరు గారు ఎడమ చెయ్యి పైకెత్తించి, వెనక్కి తిప్పించి చూశారు. రెండుసార్లు జారిన కీలు... మూడోసారి జారితే ఆపరేషనే అన్నారు. రగ్బీలో ఎవరి మీదా పడకుండా ఆడటం కుదరదా అండీ అని అడిగాను. ఆయన నవ్వారు. ఏడేళ్ళు ఆడాను, నాలుగేళ్ళుగా కెప్టెన్ని. బంతితో పరిగెత్తేవాళ్ళని పట్టి కింద పడేయడమే నా పని.

జూన్ 11

అమ్మ చేపలమ్ముకుని వచ్చింది. గంప దించుతూ, ఆట లేకపోతే ఇప్పుడేం చేస్తావే అంది. తెలీదన్నాను. "తెలుసుకో" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే పాసింజరు ఎక్కి తుని వెళ్ళాను. ఫిలిప్ గారు అక్కడ అమ్మాయిలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. అమెరికా వాళ్ళు చేతులతో ఆడే ఫుట్‌బాలే, కాకపోతే ఎవరినీ పడేయకూడదు. నడుముకి బెల్టు, దానికి అటూ ఇటూ వేలాడే రెండు గుడ్డ పట్టీలు, అవే ఫ్లాగులు. బంతి ఉన్నవాళ్ళ ఫ్లాగు లాగేస్తే వాళ్ళు అక్కడికి ఆగినట్టే.

అందరూ ఇంటర్, డిగ్రీ పిల్లలు. నాకు ఇరవై ఎనిమిది. భుజం సంగతి ఫిలిప్ గారి దగ్గర దాచలేదు.

"ఇందులో పడేయడం లేదు కదండీ, అందుకే వచ్చాను."

"లేదండి. మీరు పడేయకుండా ఉండగలరా?"

ఉంటానన్నాను. చాలా తేలిగ్గా అనేశాను.

జూన్ 22

రగ్బీలో బంతి చేత్తో వెనక్కే ఇవ్వాలి, ముందుకిస్తే తప్పు. ఇక్కడ ముందుకి విసరాలి. ఇవాళ మూడుసార్లు అలవాటుగా వెనక్కి ఇచ్చేశాను. వెనక ఎవరూ లేరు. బంతి దొర్లుకుంటూ ప్రహరీ గోడ దాకా పోయింది. పిల్లలు నవ్వు ఆపుకున్నారు. నవ్వేసినా బాగుండేది.

జూన్ 25

సత్యం మాస్టారికి చెప్పేశాను. నాకు రగ్బీ నేర్పిన మనిషి. కాలేజీ గ్రౌండులో సున్నంతో గీతలు వేస్తున్నారు. నేను చెప్పేదంతా వింటూనే చేతిలో ఉన్న గీత పూర్తి చేశారు.

"భుజం బాగోకపోతే మానెయ్యి, అర్థం చేసుకుంటాను. ఇంకో ఆటకి పోవడం ఏంటమ్మా?"

"ఆడకుండా ఉండలేను మాస్టారూ."

ఆయన తరవాతి గీత మొదలుపెట్టారు. కాసేపు నిలబడి వచ్చేశాను.

జూన్ 29

ఈ ఆదివారం ఒక్కసారి కూడా వెనక్కి ఇవ్వలేదు.

జులై 6, ఆదివారం

స్వాతి బంతి పట్టుకుని నా వైపే వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, జట్టులో అందరికన్నా వేగం. ఫ్లాగు అందేంత దగ్గర. చెయ్యి చాపాలి. చాపలేదు. కుడి భుజంతో ఆ పిల్ల నడుం మీద కొట్టి నేలకేశాను... రగ్బీలో అయితే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇక్కడ ఆట ఆగిపోయింది. స్వాతి మణికట్టు విరిగింది.

జులై 7

ఏమీ రాయలేను.

జులై 9

మధ్యాహ్నం స్కూల్లో సెలవు పెట్టి తుని వెళ్ళాను. పీఈటీని, ఆటల టీచర్ని కాబట్టి, పిల్లల్ని ఆడించేటప్పుడు దెబ్బలు తగలకుండా చూడటం నా ఉద్యోగం. దారంతా ఇదే ఆలోచన.

స్వాతి వాళ్ళమ్మ తలుపు తీసి, "మీరేనా అండి?" అన్నారు. నేనేనండి అన్నాను. బత్తాయిల సంచీ తీసుకోలేదు గానీ కుర్చీ వేశారు. స్వాతి కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక రానని చెప్పడానికే వచ్చానన్నాను.

"మీరు మానేస్తే నాకేం ఒరుగుతుందక్కా? ఆగడం నేర్చుకోండి."

వచ్చేటప్పుడు వాళ్ళమ్మ సంచీ అందుకున్నారు.

జులై 13

ఫిలిప్ గారు మూడు వారాలు మ్యాచ్‌లో దింపనన్నారు. మంచిదే. పరిగెత్తుకెళ్ళి మనిషికి అడుగు దూరంలో ఆగాలి, పాదాలు చిన్నగా వేయాలి, కళ్ళు నడుం మీద ఉండాలి, చెయ్యి మాత్రమే వెళ్ళాలి. వంద సార్లు చేశాను. చీకటి పడేదాకా చేసేదాన్నే, రైలు పోతుందని వచ్చాను.

జులై 17

గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఇంటి దగ్గర ప్రాక్టీసుకి మనుషులు లేరు. అమ్మ తనే కొంగు బిగించి, పాత చీర పీలికలు రెండు నడుం దగ్గర దోపుకుని పెరట్లో నిలబడింది. మార్కెట్లో జనం మధ్య నెత్తిన గంపతో తిరిగిన మనిషి... నాలుగుసార్లు తప్పించుకుంది. ఐదోసారి పీలిక దొరికింది. అమ్మకి నా చెయ్యి కూడా తగల్లేదు.

"ఇది బాగుందే" అంది.

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ మ్యాచ్. ఆరు ఫ్లాగులు లాగాను. ఎవరూ పడలేదు. ఒకసారి భుజం ముందుకి పోబోయింది, ఆపాను. ఆపినట్టు నాకొక్కదానికే తెలుసు.

ఆగస్టు 10

రాష్ట్ర జట్టు ఎంపిక వచ్చే ఆదివారం, కాకినాడలో. ఫిలిప్ గారు నా పేరు పంపారు.

ఆగస్టు 13

సత్యం మాస్టారు ఫోన్ చేశారు. ఇద్దరు అమ్మాయిలకి జ్వరాలు, ఆదివారమే రగ్బీ మ్యాచ్, కట్టు బిగించుకుని పది నిమిషాలు నిలబడితే చాలన్నారు. ఆయన నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ రోజు ఎంపిక ఉందండీ, రాలేనన్నాను.

"సరేనమ్మా. ఎడం వైపు పడకు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడ్డాను.

ఆగస్టు 17, ఆదివారం

కాకినాడ. దూరం నుంచి ముందుకి విసిరిన బంతులు రెండు అందుకున్నాను. చివర్లో ఆకుపచ్చ జెర్సీ అమ్మాయి బంతితో నేరుగా నా మీదికి వచ్చింది. కొట్టి పడేయడానికి అంతకంటే వీలు దొరకదు. ఆగాను. చెయ్యి చాపాను. ఫ్లాగు వేళ్ళకి తగిలి జారిపోయింది. ఆ అమ్మాయి అవతలి గీత దాటేసింది.

కొట్టి ఉంటే దాటేది కాదు. అయినా ఆగాను.

ఆగస్టు 18

జాబితా రాలేదు. సాయంత్రం ఫిలిప్ గారు ఫోన్ చేశారు. ఒక్క చోటు మిగిలింది, నేనూ ఆ ఆకుపచ్చ జెర్సీ అమ్మాయీ... ఎల్లుండి ఇద్దరినీ మళ్ళీ ఆడించి చూస్తారట. రాగలరా అన్నారు. వస్తానన్నాను.

సెలవు చీటీ రాశాను. కారణం అన్న చోట జ్వరం అని రాసి, కొట్టేసి, "ఆట" అని రాశాను. హెడ్ మేడమ్ ఏమంటారో...