ఆసు ముందు ఒక్క పూట

చిరంజీవి సౌభాగ్యవతి రమ్యకు అక్క సుచిత్ర దీవించి రాస్తున్నది. ఎల్బీ నగర్‌లో నేనూ, మీ బావా, జ్యోతికా బాగున్నాం, నా కుడి భుజం ఒక్కటి తప్ప. పోచంపల్లిలో నువ్వూ, మరిదీ, నాన్నా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. జవాబు ఫోన్‌లో చెప్పక నేనూ ఉత్తరమే రాశానేంటని నవ్వకు. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన నాన్న వింటాడు.

నువ్వు అడిగావు కదా, దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో పని బాగానే సాగుతోంది. పై అరలో చీర తీయాలంటే మాత్రం నాతోపాటు పనిచేసే విజయవాడ ఉదయలక్ష్మిగారిని పిలుస్తాను. "ముప్పై ఆరేళ్లకే భుజం ఎలా పాడైందండీ మీకు?" అంటుందావిడ. నవ్వి, చేతిలో చీర మడతపెడతాను. జ్యోతిక ఐదో తరగతి పరీక్షలు బాగా రాసింది.

ఇక నీ అసలు ప్రశ్న. "జ్యోతికను సెలవులకు పంపమంటున్నడు నాయిన. పోగుకు చిటికి కట్టుడు నేర్పుతడట. ఆయనంటే నీకు గింత కోపమెందుకక్కా?" అని రాశావు.

పదేళ్లకు నన్ను బడి మాన్పించి ఆసు ముందు కూర్చోబెట్టాడు. నీకు బుద్ధి తెలిసేసరికి ఇంట్లో ఆసు మిషన్ వచ్చింది కాబట్టి ఆ పని నీకు తెలియదు. ఆసు పోయడమంటే, నేతకు ముందు చట్రానికున్న మేకుల మీదుగా పట్టుపోగును అటూ ఇటూ వేస్తూ ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. అట్లా రోజుకు రెండు చీరలు. వరస తప్పితే వేళ్ల మీద కర్రతో కొట్టేవాడు. జ్వరమొచ్చిందంటే "చెయ్యికి రాలే గదా జొరం, కూసో" అనేవాడు. పక్కింటివాళ్ల పోగు కూడా తెచ్చి నాతోనే పోయించి, ఆ కూలితో కల్లు తాగొచ్చేవాడు. నువ్వేమో ఆయన ఒళ్లో కూర్చుని, బెల్లం ముక్క చప్పరిస్తూ నన్నే చూసేదానివి.

ఇరవై రెండేళ్లుగా దాచిన మాట ఇప్పుడు చెప్తున్నాను. నీకు నాలుగేళ్లప్పుడు, రంగు పట్టకూడని చోటల్లా దారంతో బిగించి, అదే, చిటికి కట్టి, రంగుకు సిద్ధంగా పెట్టిన పోగును కత్తెరతో కోసింది నేనే. కోసి, ఆ కత్తెర నీ చేతిలో పెట్టి, "నాయినా, చెల్లె జూడు ఏం జేసిందో!" అని అరిచాను. నీకూ ఒక్కసారి దెబ్బ పడాలి. ఒక్కటంటే ఒక్కటే. అంత కుళ్లు నాకు నీ మీద.

ఆయన వచ్చాడు. తెగిన పోగు చూశాడు. నిన్నెత్తుకుని, "నా బిడ్డ అప్పుడే పోగు మీద చెయ్యేసింది, మంచి పనిమంతురాలైతది" అని బుగ్గ మీద ముద్దు పెట్టాడు. నా వైపు తిరిగి, "నువ్వేం జూస్తున్నవ్? మళ్ల ఆసు పొయ్యి" అన్నాడు.

ఆ రోజు దాకా మన నాన్నకు ప్రేమించడమే చేతకాదనుకున్నాను రమ్యా. చేతనవును. నాకు పెట్టలేదంతే. తిన్న దెబ్బలు చాలావరకు మరిచిపోయాను కానీ ఆ ముద్దు మరిచిపోలేదు. తప్పు నీది కాదు, నన్ను క్షమించు. ఇప్పుడు నా కడుపున పుట్టిన పిల్ల మీద కూడా అదే కుళ్లు. రోజూ ఫోన్ చేసి "బువ్వ తిన్నవా బంగారం?" అని ఆయన దాన్ని అడుగుతుంటే గదిలోంచి లేచి వెళ్లిపోతాను. ఛీ, ఇదేం తల్లినని సిగ్గేస్తుంది కూడా.

జ్యోతికను తీసుకొస్తాను. కానీ ముందు నువ్వు అటక మీది పాత ఆసు దించి తుడిపించు. మిషన్ ఆపించు. నాన్న ఆ ఆసు ముందు కూర్చుని, ఒక్క చీరకు సరిపడా పోగు తన చేత్తో పోయాలి. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. సగంలో లేచాడంటే నా బిడ్డను తీసుకుని తిరుగు బస్సెక్కుతాను.

ఈ మాట నేనడిగితే ఆయన వినడు. నువ్వే అడుగు. నీ మాట ఎన్నడూ కాదనలేదు కదా.

ఇట్లు,
నువ్వు నాన్న ఒళ్లో ఉన్నప్పుడు ఎదురుగా కూర్చున్న
నీ అక్క సుచిత్ర