తెల్లబోర్డు మీద మాట

ఫిబ్రవరి 3, సోమవారం

డాక్టర్‌గారు వెయిటింగ్ హాల్లో తెల్లబోర్డు పెట్టించారు. మా డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఓనరూ ఆయనే, రిపోర్టుల మీద సంతకం పెట్టేదీ ఆయనే. పొద్దున్నే పరగడుపున వచ్చిన పేషెంట్లు టోకెన్ల కోసం జుట్లు పట్టుకుంటున్నారు, వాళ్లకి కాలక్షేపంగా రోజుకో మంచి మాట రాయమన్నారు. రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని నేనే కదా, ఇంకెవరికి చెప్తారు!

మంచి మాటలు నాకెక్కడివి? ఎవరో పేషెంటు మరిచిపోయి వెళ్లిన లావుపాటి పాత ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి నా డెస్కులో పడి ఉంది. జనం ఎప్పుడో వాడడం మానేసిన మాటలు దాన్నిండా. అందులోంచి రోజుకొకటి, దాని అర్థం, కింద మన బతుకులకి పనికొచ్చే పాఠం ఒకటి. నా ఎం.ఏ. ఇంగ్లీషు ఇన్నాళ్లకి దేనికో ఒకదానికి పనికొచ్చింది.

మొదటి మాట: అప్రిసిటీ. చలికాలపు ఎండ ఇచ్చే వెచ్చదనం. పాఠం: దొరికినప్పుడు కాసేపు నిలబడండి. ఒక్కరూ చదవలేదు. ఏసీ ఎక్కువగా ఉందని మాత్రం కంప్లైంటు వచ్చింది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఫజల్. పని చేస్తున్నట్టు నటిస్తూ ఏ పనీ చేయకపోవడం. పాఠం: ఎవరికీ తెలియకపోయినా కూర్చున్న కుర్చీకి తెలుస్తుంది.

టీ టైంలో అకౌంటెంటు నా కౌంటర్ మీదకి వంగి గొంతు తగ్గించాడు. కంప్యూటర్లో పేకాట ఆడే మాట నిజమేనట. నెలాఖర్లో మాత్రం ముట్టుకోడట. దానికి ఇలా పదిమంది ముందు బోర్డెక్కించాలా, నాతో ఒక్క ముక్క చెప్తే సరిపోదా అన్నాడు. నేను నోరు వెళ్లబెట్టాను. ఆయన పేకాట సంగతి నాకు కలలో కూడా తెలియదు!

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈసారి గ్రోక్. తినేవాళ్ల వంక, పిలవకపోతారా అని కళ్లార్పకుండా చూడడం. ఇదైతే ఎవరికీ తగలదులే అనుకున్నాను.

లంచ్‌లో ఎక్స్‌రే ఆవిడ నా పక్కన కూర్చోలేదు. బతిమాలితే భోరుమంది. మొగుడికి క్యారేజీ కట్టే అత్తగారు ఆవిడకి కట్టదట, ఆవిడ చేత్తో వంటింట్లో గిన్నె ముట్టుకోనివ్వదట. అందుకే నా డబ్బా వంక చూస్తుందట. నా డబ్బాలో సగం మూతలో పెట్టి ఆవిడ ముందుకి జరిపాను. ఏడాదిగా పక్కపక్కన తింటున్నాం, నాకేమీ తెలియదు.

ఫిబ్రవరి 10, సోమవారం

స్కర్రీఫంజ్. చుట్టాలు వస్తున్నారని తెలిసి ఇల్లంతా గబగబా సర్దేయడం. డాక్టర్‌గారు నన్ను లోపలికి పిలిచి తలుపేశారు. గురువారం ఇన్స్పెక్షన్ ఉందని నీకెవరు చెప్పారు అని అడిగారు. స్టోర్ రూంలో డేటు దాటిన కెమికల్స్ ఇవాళే తీయిస్తున్నానని ఆయనే చెప్పేశారు. దేవుడా!

అందరూ భుజాలు తడుముకునేవాళ్లే. భయంగా ఉంది. అబద్ధమెందుకు, మజాగానూ ఉంది.

ఇంటికెళ్లి వదినకి చెప్పాను. వదిన కూడా మా సెంటర్లోనే శాంపిల్స్ తీస్తుంది. ఈ ఉద్యోగం నాకు ఇప్పించింది తనే, అన్నయ్యా వదినల ఇంట్లోనే నా మకాం కూడా. పడీపడీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రేపేం మాట రాస్తున్నావే అని అడిగింది.

ఫిబ్రవరి 12, బుధవారం

కొంప మునిగింది.

తెరిచీ తెరవకముందే ఒక టైలర్, ఆయన భార్యా వచ్చి కేకలు. జనవరిలో మా దగ్గర కిడ్నీ టెస్టు చేయించుకున్నాడు. రెండు కిడ్నీలూ పాడైపోయాయని మా రిపోర్టు. బతకనని నిశ్చయించుకుని కుట్టుమిషన్ అమ్మేశాడట, పిల్లలకి అప్పగింతలు పెట్టాడట. నిన్న ఇంకోచోట చేయిస్తే నిక్షేపంగా ఉన్నాడని తేలింది. ఆవిడ మమ్మల్ని తిట్టిన తిట్లకి హాలంతా బిక్కచచ్చిపోయింది.

ఆయనది బాగుంటే మరి పాడైన కిడ్నీలు ఎవరివి? అదే రోజు, అదే గంటలో ఒక టీచరమ్మ రక్తం ఇచ్చింది. ఆవిడకి అంతా నార్మల్ అని పంపించాం. ఆవిడ ధీమాగా, కిడ్నీలకి పడని నొప్పుల మాత్రలు మింగుతూ తిరిగింది. ఇప్పుడు ఐసీయూలో ఉంది. ఫోన్లో వాళ్లబ్బాయే చెప్పాడు.

ఇద్దరి రక్తం తీసిన గదిలో లాగిన్ వదినది. మధ్యలో తను లేచి వెళ్లానని, ఆ కాసేపు సీనియర్ తన కుర్చీలో కూర్చుందని వదిన చెప్పింది. సీనియర్ అంటే మా అందరికంటే పాత టెక్నీషియన్. ఆవిడ నేను కాదు అని ఒక్క మాట అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. విచారణ అయ్యేదాకా వదినని రావద్దన్నారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వదిన అన్నం తినట్లేదు. అన్నయ్య ఎవరితోనూ మాట్లాడట్లేదు. వాళ్ల పాప, మా చిన్నది మాత్రం అమ్మ ఇంట్లోనే ఉందని గంతులేస్తోంది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇది ముమ్మాటికీ సీనియర్ పనే. ఎవరితోనూ కలవదు. ఒక్క పేషెంటుకి అరగంట చేస్తుంది, పేరు ఒకసారి అడిగి, మళ్లీ అడుగుతుంది. మతిమరుపు కాకపోతే ఏమిటి? పైగా మొహంలో ఏమీ కనబడనివ్వదు. మా వదిన ఇంట్లో కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే ఈవిడ దర్జాగా సూదులు గుచ్చుకుంటోంది. ఒళ్లు మండిపోయింది.

గురి చూడకుండా వేస్తేనే అకౌంటెంటు దగ్గర్నుంచి డాక్టర్ దాకా కక్కేశారు. గురి చూసి వేస్తే?

లాటిబ్యులేట్. మూలకి పోయి నక్కడం. పాఠం: మెట్ల కింద కూర్చుని తిన్నా మనసు చూస్తూనే ఉంటుంది. సీనియర్ రోజూ మెట్ల కిందే తింటుంది.

ఫిబ్రవరి 19, బుధవారం

స్నాలీగాస్టర్. నీతీ జాతీ లేని జిత్తులమారి. పాఠం: నోరు మెదపని వాళ్లతోనే జాగ్రత్త.

ఊడ్చే ఆవిడ అది చదివించుకుని, నా వంక చూసి కన్ను గీటింది. ఎవరి గురించో అందరికీ అర్థమైపోయింది. సీనియర్ కూడా బోర్డు ముందు నిలబడి చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. లోపలికి వెళ్లి తర్వాతి టోకెన్ పిలిచింది. ఎంత గుండె ధైర్యం!

ఫిబ్రవరి 21, శుక్రవారం

రెసిపిసెన్స్. తప్పు చేసినవాళ్లకి బుద్ధి తిరిగి రావడం. పాఠం: కొన్ని మురికులు చేతులు కడుక్కుంటే పోవు.

ఒకామె టోకెన్ చేతిలో పెట్టుకుని వచ్చి, ఆ బోర్డు మీదున్న ఆవిడ చేత మాత్రం గుచ్చించుకోను అంది. తలుపు తెరిచే ఉంది. లోపల సీనియర్ చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

మంచి పని చేశానా? చేశాను. మా వదిన కోసం కాకపోతే ఎవరి కోసం చేస్తాను.

ఫిబ్రవరి 24, సోమవారం

సీనియర్ రిజైన్ చేసింది!! తప్పు లేకపోతే ఎందుకు పోతుంది అని అందరూ ఒకటే మాట. డాక్టర్‌గారు ఇక విచారణ ఎందుకన్నారు. వదినని బుధవారం నుంచి రమ్మన్నారు. అన్నయ్య నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. మన ఇంటి పరువు నిలబెట్టావే అన్నాడు. వదిన నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

ఫిబ్రవరి 26, బుధవారం

పొద్దున బోర్డు మీద ఎంతో ముచ్చటగా రాశాను. రెస్పెయిర్. ఆశ వదులుకున్నాక మళ్లీ ఆశ చిగురించడం. చుట్టూ పూలు కూడా వేశాను.

ఇంకా పేషెంట్లని లోపలికి వదల్లేదు. ఖాళీ స్టిక్కర్ల రోల్ ఇద్దామని వదిన గదిలోకి వెళ్లాను. ఇచ్చేటప్పుడు చూశాను. స్టాండులో ఖాళీ ట్యూబులు వరసగా ఉన్నాయి. ఒక్కదాన్లోనూ రక్తపు చుక్క లేదు. అన్నిటికీ అప్పుడే, హాల్లో టోకెన్లు తీసుకుని కూర్చున్నవాళ్ల పేర్ల స్టిక్కర్లు అతికించి ఉన్నాయి.

రిసెప్షన్ దాన్ని, నాక్కూడా తెలుసు ఈ రూలు. ముందు పేరు అడగాలి, రక్తం తీయాలి, ఆ మనిషి ఎదురుగా ఉండగానే స్టిక్కర్ అతికించాలి. ముందే అతికించి పెట్టుకుంటే, ఒకళ్లు బాత్రూంకి వెళ్లి ఇంకొకళ్లు ముందు కూర్చున్నారా, అంతే సంగతులు.

ఏంటిది వదినా అన్నాను. పొద్దున రద్దీలో ఎప్పుడూ ఇలాగే చేస్తానే, టైం కలిసొస్తుంది అంది మామూలుగా. చేతులు ఆపను కూడా ఆపలేదు.

ఆ రోజు కూడానా అన్నాను.

అప్పుడు ఆపింది. నా వంక చూడలేదు. ఆ రోజు కూడా అంది.

 రక్తం ఇచ్చేవాళ్ల కుర్చీలోనే కూలబడ్డాను. వదిన తలుపు దగ్గరగా వేసి గబగబా చెప్పుకుపోయింది. టైలర్ బాత్రూంకి వెళ్లాడట, టీచరమ్మ వచ్చి కూర్చుందట. సాయంత్రం ట్యూబులు సర్దుతుంటే అనుమానం వచ్చిందట. ఆ రోజే! అంటే టీచరమ్మ ఇంకా ఒక్క మాత్ర కూడా మింగకముందే! ఫోన్ చేసి మళ్లీ రమ్మంటే సరిపోయేది కదా వదినా అన్నాను. ఉద్యోగం పోయేది కదే అంది. సీనియర్ ఆ రోజు వదిన గదిలోకే రాలేదట.

ఇంకో మాట కూడా అంది. నువ్వు బోర్డు మీద రాసేవన్నీ మొదట్లో నా గురించే అనుకుని చచ్చేదాన్ని. తర్వాత ఆవిడ మీదకి తిప్పావు. అప్పుడు కాస్త నిద్ర పట్టింది. ఇలా అంది. నన్ను పెంచిన వదిన. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన వదిన.

బయట టోకెన్ నంబర్ వన్ అని పిలుస్తున్నారు. నేను అక్కడున్న ట్యూబుల స్టిక్కర్లన్నీ పీకేశాను. వదిన ఆపలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

రాత్రి వదిన అన్నం పెట్టింది. తిన్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

అన్నయ్యకి ముందే తెలుసు!

నాకు ఇంకేదీ షాక్ కాదనుకున్నాను. బతికినంత కాలం టీచరమ్మ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అది అన్నయ్యకి చెప్తే, వదిన జనవరిలోనే తనకి చెప్పిందని ఒప్పుకుని, ఆ సీనియర్ ఎలాగూ మానేసి పోయింది, ఉన్నవాళ్లని ఉండనీ అన్నాడు. వాడు చీమకి హాని చేయడని ఊరంతా అనుకుంటుంది. చిన్నదాని మొహం చూసి మాట్లాడు అన్నాడు. చూశాను. అది హోంవర్క్ చేసుకుంటోంది. 

మార్చి 1, శనివారం

సీనియర్ ఇంటికి వెళ్లాను. ఇరుకైన మెట్లు, పైన ఒక్క గది, కిటికీలో ఆరేసిన తెల్లకోటు. తలుపు మొహాన వేస్తుందనుకున్నాను. కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. నేను గ్లాసు పట్టుకుని అంతా చెప్పేశాను. ఏడుపు ఆగలేదు, ముక్కు కారుతూనే ఉంది, నా మొహానికి ఏ సిగ్గూ మిగల్లేదు.

అంతా విని, మీ వదిన ట్యూబులకి ముందే అతికిస్తుందని నాకు తెలుసమ్మాయ్ అంది. రెండుసార్లు మందలించిందట. విచారణలో చెప్పొచ్చు కదండీ అన్నాను. చెప్పాలనే రాసుకుని వచ్చిందట. అంతలో పేషెంట్లు చేతులు వెనక్కి లాక్కోవడం మొదలెట్టారట. ఇన్నేళ్లలో పసిపిల్లలు కూడా నా దగ్గర చెయ్యి లాక్కోలేదు, ఇక ఆ గదిలోకి కాలు పడలేదు అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

మళ్లీ రండి, బోర్డు మీద ఉన్నదంతా తుడిచేస్తాను అన్నాను.

నువ్వు నా పేరు ఎక్కడా రాయలేదు కదమ్మా, ఏమని తుడుస్తావ్ అంది.

మార్చి 2, ఆదివారం

రేపు ఏం చేయబోతున్నానో వదినకి చెప్పాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నయ్య నా బట్టలు సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచాడు.

మార్చి 3, సోమవారం, పొద్దున ఆరున్నర

బోర్డు మీద తెలుగులో రాశాను. శాంపిల్స్ మారింది ఎవరి చేతిలో, తెలిసీ దాచింది ఎవరు, ఏ తప్పూ లేకుండా పోయింది ఎవరు, రోజూ ఈ బోర్డు మీద ఆవిడని కొట్టింది ఎవరు. మూడు పేర్లు, వదినదీ సీనియర్‌దీ నాదీ, ఇంటిపేర్లతో సహా.

టోకెన్ నంబర్ వన్ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివాడు. ఇవాళ పాఠం రాయలేదేమమ్మా అని అడిగాడు.