డాబా మీద పసుపు దుప్పటి

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు. డాక్టరు చెప్పాడా, నువ్వే తేల్చేశావా?

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. వేళకు తింటున్నాను. దగ్గు పోయింది. "ఆ డొక్కు విమానం నిజంగా ఎగురుతుందా?" అన్నావు. ఎగిరింది. నాన్న నడిపిన రకమే. మా షెడ్డులో మెకానిక్‌లమంతా నాలుగేళ్లు విప్పి, తుడిచి, బిగించాం. మొదటిరోజు ఇంజను మూడుసార్లు తుమ్మి, నాలుగోసారి అందుకుంది. నీ అల్లుడు చూడటానికొచ్చి, "మా అత్తగారి మిక్సీ కూడా ఇంతే" అన్నాడు.

"నువ్వు మాత్రం దాన్లో ఎక్కడం లేదు కదా?" అని కింద గీత గీసి మరీ అడిగావు. ఎక్కానమ్మా. ఎవరు బిగించి సంతకం పెడితే వాళ్లే మొదటిసారి వెనక సీట్లో కూర్చోవాలి. ఊరికే సంతకాలు పెట్టెయ్యకుండా పెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికి మూడుసార్లు ఎక్కాను.

పద్నాలుగో తారీఖున, ఈ ఎయిర్‌బేస్ నుంచి ఎగిరి తిరిగిరాని పందొమ్మిది మంది పేర్లు, నాన్న పేరుతో సహా, చదువుతారు. తర్వాత ఒక విమానం వాళ్లలో ఒకరి ఇంటి మీదుగా వెళ్తుంది; ఈ ఏడాది వెళ్లేది మేం బిగించిందే. ఏడాదికొక ఇల్లు, అదీ ఇంటివాళ్లు కాగితం మీద ఒప్పుకుంటేనే. ఆ కాగితం నీకు పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ ఖాళీగా తిప్పి పంపావు. ఎందుకో నాకు తెలుసు. ఆఖరిసారి ఎగిరిన రోజు నాన్న మన ఇంటి మీదుగా వెళ్తానన్నారు. నువ్వు బట్టలు ఆరేస్తూ మధ్యాహ్నందాకా డాబా మీద నిలబడ్డావు. విమానం రాలేదు. అప్పట్నుంచి మన బట్టలు వరండాలోనే ఆరుతున్నాయి.

ఇక ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట. ఈసారి ఆఫీసువాళ్లు ఆ కాగితం నా చేతికే ఇచ్చారు. నేను నీ సంతకం పెట్టేశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మా పెద్ద మెకానిక్‌కు చెప్పాను. మేమంతా ఆయన్ని తాతగారంటాం. ఆయన చేతిలోని రెంచి కింద పెట్టారు.

"నువ్వు బిగించని నట్టుకి సంతకం పెడతావా?"

"పెట్టను తాతగారూ."

"మరి మీ అమ్మ మనసుకి ఎలా పెట్టావు? చింపెయ్ దాన్ని. ఇంకోటి తీసుకుని అమ్మనే అడుగు. వద్దంటే వద్దు, అంతే."

చింపేశాను. కొత్తది ఇందులో పెట్టాను, ఖాళీగానే. తప్పు నాది, క్షమించు.

నువ్వు సంతకం పెట్టకపోతే విమానం మన ఊరి బయట వంతెన దగ్గరే వెనక్కి తిరుగుతుంది. ఆ సాయంత్రం ఎప్పట్లాగే బస్సెక్కి వస్తాను, ఆ ఊసే ఎత్తను. పెడితే మాత్రం ఒక పని చెయ్యాలి. పైనుంచి డాబాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. పదిన్నరకల్లా మన పసుపు దుప్పటి డాబా మీద ఆరెయ్. వెనక సీట్లోంచి వెతుక్కుంటాను.

ఈసారి మధ్యాహ్నందాకా నిలబడక్కర్లేదు. పదీ నలభైకి వచ్చేస్తాం.

ఇట్లు,
నీ సంతకం ఇంకెప్పుడూ పెట్టని
నీ చిన్న కూతురు